పాత కంప్యూటర్ సామానుతో గేటు కెమెరా: కొలతల నుంచి కాపలా దాకా

పాత వెబ్‌క్యామ్ ఉంది, అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు ఒకటి దొరుకుతుంది, వీటితో గేటు దగ్గర కెమెరా కట్టుకోవచ్చా? దసరాకు ఊరెళ్లే రోజులు వస్తున్నాయంటే, రెండేళ్లకోసారి మేడారం జాతర దగ్గరపడిందంటే హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు నుంచి ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. కట్టుకోవచ్చు. కంప్యూటర్ చదువు అక్కర్లేదు. స్క్రూడ్రైవర్ పట్టడం, తెర మీద ఉన్నది ఓపికగా చదివి చేయడం వస్తే చాలు.

ముందే ఒక మాట. సామానంతా కొత్తగా కొంటే దుకాణంలో దొరికే వైఫై కెమెరా కంటే దీనికే ఎక్కువ ఖర్చవుతుంది. సగం సామాను ఇంట్లోనే మూలన పడి ఉన్నవారికి, తమ వాకిలి దృశ్యాలు ఎవరి సర్వర్‌కో పోకూడదనుకునేవారికి, నెలనెలా చందా కట్టడం ఇష్టం లేనివారికి ఇది తగిన పని.

ఇలా కట్టుకున్న కెమెరాలు మూలపడేది సాఫ్ట్‌వేర్ వల్ల అనుకుంటారు. చాలాసార్లు కారణం అది కాదు. నాసిరకం ఛార్జరు, ఎండలో ఉడికిన పెట్టె, కోతి లాగేసిన వైరు, ఎదురెండ పడే చోటు... ఇవే అసలు శత్రువులు. అందుకే ఇక్కడ వాటికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. మొత్తం అమరికకు సూత్రం కూడా ఒకటే: కంప్యూటర్ ఇంటి లోపల ఉండాలి, కన్ను మాత్రమే బయట ఉండాలి. దొంగ కెమెరాను పీకేసినా, పీకుతున్నప్పటి అతని ముఖం లోపలి కార్డులో భద్రంగా మిగలాలి.

1. ముందు చోటు, తర్వాతే సామాను

ఏదీ కొనకముందు ఫోను పట్టుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. కెమెరా పెట్టాలనుకున్న చోటి నుంచి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి ఒక్కో ఫోటో తీయండి. ఈ నాలుగు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే సగం సందేహాలు తీరిపోతాయి.

మన దగ్గర తూర్పు వాకిలి ఇళ్లు ఎక్కువ. గుమ్మం మీద నుంచి గేటును సూటిగా చూసే కెమెరాకు పొద్దుటి సూర్యుడు నేరుగా కంట్లో పడతాడు. గేటు తీసే మనిషి నల్లటి ఆకారంలా తప్ప కనిపించడు. కెమెరాను వరండా పక్క గోడకు జరిపి, గేటును ఏటవాలుగా చూసేలా పెట్టండి. పడమటి వాకిలి ఇళ్లకు సాయంత్రం ఇదే బాధ, ఇదే మందు.

ఎత్తు ఏడెనిమిది అడుగులు చాలు. చేతికి అందకూడదని పన్నెండు అడుగుల మీద బిగిస్తే నడినెత్తి, టోపీ, తలపాగా తప్ప ముఖం పడదు.

దూరం విషయం కొంచెం లెక్కతో తేల్చుకోవాలి. తెలియని మనిషి ముఖాన్ని గుర్తుపట్టాలంటే దృశ్యంలో మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు (చిత్రాన్ని కట్టే చుక్కలు) ఉండాలన్నది నిఘా కెమెరాల ప్రమాణాల్లో వాడే కొలత. తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి 125 సరిపోతాయి. 720పీ వెబ్‌క్యామ్ చిత్రం వెడల్పు 1280 పిక్సెళ్లు. దాన్ని 250తో భాగిస్తే సుమారు 5 మీటర్లు. అంటే చిత్రంలో 5 మీటర్ల వెడల్పుకు మించి పట్టించకూడదు. 60 డిగ్రీల చూపున్న కెమెరాకు ఆ వెడల్పు 4.4 మీటర్ల దూరంలోనే నిండిపోతుంది. 1080పీ కెమెరా అయితే ఇదే లెక్కన 6.6 మీటర్ల వరకు వెళ్లవచ్చు.

కాబట్టి గేటు ఇరవై అడుగుల దూరంలో ఉంటే, తెలియని మనిషి విషయంలో 720పీ కెమెరా "ఎవరో వచ్చారు" అని చెబుతుంది గాని "ఎవరు వచ్చారు" అని చెప్పలేదు. వీధంతా, పక్కింటి మామిడి చెట్టుతో సహా ఒకే చిత్రంలో పట్టాలన్న ఆశ వదులుకోండి. మనిషి తప్పనిసరిగా దాటాల్సిన ఒక్క చోటును, అంటే గేటు గడియనో, మెట్ల మొదలునో ఎంచుకోండి.

చోటు ఖాయం చేసే ముందు చూసుకోవలసినవి:
- పైన సజ్జ ఉందా, మధ్యాహ్నం ఎండ నేరుగా పడుతుందా
- ఆ చోటి నుంచి కిటికీలోకి, లోపలి బోర్డు దాకా వైరు పొడవు 5 మీటర్ల లోపు ఉందా
- బట్టల తీగ, ఊగే కొమ్మ, జెండా చిత్రంలోకి వస్తున్నాయా
- ఎదురింటి తలుపు, కిటికీ కనిపిస్తున్నాయా (దీని సంగతి 10వ మెట్టులో)

5 మీటర్ల హద్దు ఎందుకంటే, యూఎస్‌బీ 2.0 తీగ అంతకు మించి పనిచేస్తుందన్న భరోసా లేదు. ఇంకా పొడవు కావాలంటే లోపల చిన్న సర్క్యూట్ ఉండే యాక్టివ్ ఎక్స్‌టెన్షన్ తీగ కొనాలి. మామూలు ఎక్స్‌టెన్షన్లు రెండు మూడు కలిపి ముడేయకండి.

2. ఏ సామాను తీసుకోవాలి

అరచేతిలో పట్టే బోర్డుగా రాస్ప్‌బెర్రీ పై 3 లేదా 4 తీసుకోండి (ఇక ముందు క్లుప్తంగా పై 3, పై 4 అంటాను). వాడేసిన పై 3 దొరికితే ఈ పనికి అదే చాలు. పై జీరో 2 డబ్ల్యూ చవకే, కానీ మెమరీ 512 ఎంబీ మాత్రమే. పైగా టీవీకి కలపడానికి మినీ హెచ్‌డీఎంఐ అడాప్టరు, వెబ్‌క్యామ్‌కు మైక్రో యూఎస్‌బీ అడాప్టరు విడిగా కొనాలి. మొదటిసారి చేసేవారికి ఆ ఆదా చివరికి ఆదాగా మిగలదు.

పాత డెస్క్‌టాప్ వాడవచ్చా అని అడుగుతారు. వాడవచ్చు, కరెంటు బిల్లు చూసుకుని. 5 వాట్లు తినే రాస్ప్‌బెర్రీ పై బోర్డు రోజంతా నడిస్తే నెలకు 3.6 యూనిట్లు. 60 వాట్ల డెస్క్‌టాప్ అయితే 43 యూనిట్లు. తెర పగిలిన ల్యాప్‌టాప్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. దాని బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం ముట్టుకోవద్దు. ఇరవై నాలుగు గంటలూ ఛార్జింగులో ఉండే ఉబ్బిన బ్యాటరీ ఇంటికి దొంగ కంటే ప్రమాదం.

కెమెరా విషయంలో నా సలహా మామూలు యూఎస్‌బీ వెబ్‌క్యామ్. రాస్ప్‌బెర్రీ పై బోర్డుకు రిబ్బన్ తీగతో కలిసే సొంత కెమెరా మాడ్యూళ్లు బాగుంటాయి, కానీ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌లో అవి వేరే పద్ధతిలో నడుస్తాయి. మనం వాడబోయే సాఫ్ట్‌వేర్‌తో వాటిని కలపడానికి అదనపు తంటాలు పడాలి. రిబ్బన్ తీగను గోడ దాటించి బయటికి తేవడమూ కుదరదు. వెబ్‌క్యామ్ గుచ్చితే పనిచేస్తుంది. డ్రైవర్ సీడీ అవసరం లేని రకమైతే సాధారణంగా సరిపోతుంది.

ఈఎస్‌పీ32 క్యామ్ అనే అతి చవక బోర్డు గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. మేకల కొట్టంలోనో, నీళ్ల ట్యాంకు దగ్గరో ఒక చూపు చూడటానికి అది సరే. గేటు కాపలాకు నేను పెట్టను: రికార్డింగ్ బలహీనం, వైఫై అందడం తక్కువ, వేడెక్కడం ఎక్కువ.

మెమరీ కార్డు 64 జీబీది తీసుకోండి. డ్యాష్‌క్యామ్‌ల (కార్లలో పెట్టే కెమెరాల) కోసం అమ్మే ఎండ్యూరెన్స్ రకం అయితే పదేపదే రాతను తట్టుకుంటుంది. చవక కార్డుల్లో నకిలీవి ఎక్కువ. పైన 64 అని ఉంటుంది, లోపల 8 ఉంటుంది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాముతో కార్డు నిండా రాయించి చూస్తే బండారం బయటపడుతుంది. ఇది కొన్న రోజే చేయండి, దుకాణదారు మార్చి ఇస్తాడు.

వెబ్‌క్యామ్, తీగలు, ఛార్జర్లు వరంగల్, హనుమకొండ కంప్యూటర్ మరమ్మతు దుకాణాల్లో అడగండి. బోర్డు అక్కడ దొరక్కపోతే సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, కోఠి గుజరాతీ గల్లీలో ప్రయత్నించండి. లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి.

సామాను పట్టీ:
- పై 3 లేదా పై 4 బోర్డు, దాని డబ్బా, వేడి పీల్చే చిన్న అల్యూమినియం ముక్కలు
- ఆ బోర్డుకు సరిపడే ఛార్జరు
- 720పీ లేదా 1080పీ యూఎస్‌బీ వెబ్‌క్యామ్, అవసరమైతే ఎక్స్‌టెన్షన్ తీగ
- 64 జీబీ కార్డు, కార్డు రీడరు
- సీసీటీవీ కెమెరాల కింద బిగించే ప్లాస్టిక్ జంక్షన్ బాక్సు (ఎలక్ట్రికల్ దుకాణంలో దొరుకుతుంది)
- చిన్న గాజు ముక్క లేదా అక్రిలిక్ ముక్క, సిలికాన్ ట్యూబు
- అర అంగుళం పీవీసీ పైపు, క్లాంపులు, గోడ ప్లగ్గులు, స్క్రూలు
- మొదటి రోజుకు మాత్రం: మీ బోర్డుకు సరిపడే హెచ్‌డీఎంఐ తీగ, కీబోర్డు, మౌస్, ఇంట్లోని టీవీ

3. కరెంటు సంగతి

పై 3కి 5 వోల్టులు, 2.5 ఆంపియర్లు ఇచ్చే ఛార్జరు కావాలి. పై 4కు 5 వోల్టులు, 3 ఆంపియర్లు. పాత ఫోను ఛార్జరు పెడితే బోర్డు వెలుగుతుంది, ఫరవాలేదనిపిస్తుంది. వెబ్‌క్యామ్ పనిచేయడం మొదలుపెట్టగానే వోల్టేజీ పడిపోతుంది. అది 4.63 వోల్టుల కిందికి దిగితే తెర మీద తక్కువ వోల్టేజీ హెచ్చరిక వస్తుంది. ఆ హెచ్చరిక ఒక్కసారి కనిపించినా ఛార్జరు లేదా దాని తీగ మార్చండి. "నడుస్తోంది కదా" అని వదిలేస్తే కొన్నాళ్లకు కార్డు పాడవుతుంది, అప్పుడు తప్పు కార్డు మీద పడుతుంది.

బోర్డును గేటు దగ్గర పెట్టి, ఇంట్లోంచి 5 వోల్టులను సన్న తీగ మీద పంపే ఆలోచన మానుకోండి. పది మీటర్ల దూరానికి లాన్ తీగలోని ఒక జత మీద 1 ఆంపియర్ పంపితే రానుపోను దాదాపు 1.7 వోల్టులు దారిలోనే ఖర్చయిపోతాయి. అక్కడికి చేరేది 3.3 వోల్టులే.

కరెంటు పోయినప్పుడు ఏం జరగాలన్నది ఇప్పుడే తేల్చుకోండి. ఇన్వర్టర్ ఉంటే బోర్డును, వైఫై రౌటర్‌ను రెండింటినీ ఇన్వర్టర్ లైను సాకెట్‌కే పెట్టండి. లేకపోతే రౌటర్ల కోసం అమ్మే మినీ యూపీఎస్‌లలో 12 వోల్టులతో పాటు 5 వోల్టుల దారి కూడా ఉన్నది చూడండి. ఆ 5 వోల్టుల దారి ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో డబ్బా మీద చదివి మరీ కొనండి.

రౌటర్‌ను ఎందుకు కలపాలంటే, పై 3, పై 4 బోర్డుల్లో గడియారానికి బ్యాటరీ ఉండదు. లేచిన ప్రతిసారీ ఇంటర్నెట్ నుంచి సమయం తెచ్చుకుంటాయి. రౌటర్ నిద్రపోతూ ఉంటే రికార్డింగు మీద తప్పు సమయం పడుతుంది.

4. బల్ల మీద కలపడం

గోడకు ఏదీ బిగించకండి. మొదటి రెండు రోజులు అంతా బల్ల మీదే నడవాలి.

ఏదో ఒక కంప్యూటర్‌లో రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ అనే ఉచిత ప్రోగ్రాము వేసుకోండి. అందులో మీ బోర్డు రకం, దానికి సూచించిన ఆపరేటింగ్ సిస్టమ్, మీ కార్డు ఎంచుకోండి. రాయడానికి ముందు అమరికలు అడుగుతుంది. యూజర్ పేరు, బలమైన పాస్‌వర్డ్, ఇంటి వైఫై వివరాలు ఇవ్వండి. టైమ్‌జోన్ దగ్గర కోల్‌కతా ఎంచుకోవడం మరవకండి. మరిస్తే రాత్రి జరిగినది సాయంత్రం జరిగినట్టు నమోదవుతుంది.

కార్డును బోర్డులో పెట్టి, టీవీ, కీబోర్డు, మౌస్, వెబ్‌క్యామ్ కలిపాకే, చివరగా కరెంటు ఇవ్వండి. మొదటిసారి లేవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. పై 3 మీద తెర నెమ్మదిగా కదులుతుంది, కంగారుపడి ప్లగ్గు పీకకండి. అప్‌డేట్లు వస్తే అన్నీ వేయించి, ఒకసారి రీస్టార్ట్ చేయండి.

5. మోషన్‌ఐ ఎక్కించడం

కదలికను పట్టి రికార్డు చేసే పనికి మోషన్‌ఐ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడదాం. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. మోషన్‌ఐఓఎస్ అని ఇంకొకటి ఉంది. పాత వీడియోలన్నీ దాన్నే చూపిస్తాయి. అది 2020 తర్వాత కొత్త విడుదల లేకుండా ఆగిపోయింది. 2021లో వచ్చిన పై జీరో 2 డబ్ల్యూ లాంటి బోర్డుల మీద లేవకపోవడానికి కారణమూ అదే. దాని జోలికి వెళ్లకండి.

బోర్డు మీది బ్రౌజర్‌లోనే గిట్‌హబ్ అనే సైటులో మోషన్‌ఐ ప్రాజెక్టు పేజీ తెరవండి. ఇన్‌స్టలేషన్ కింద నాలుగైదు ఆదేశాలు వరుసగా ఉంటాయి. టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి వాటిని ఒక్కొక్కటిగా కాపీ చేసి అతికించండి. ఒకటి పూర్తయి మళ్లీ ఖాళీ వరుస వచ్చాకే రెండోది వేయాలి. చేత్తో టైపు చేస్తే ఒక చిన్న గీత జారినా పని ఆగుతుంది.

అయ్యాక అదే బ్రౌజర్ చిరునామా గడిలో ఇంగ్లీషులో లోకల్‌హోస్ట్ అని రాసి, కోలన్ పెట్టి, 8765 రాయండి. లోపలికి వెళ్లడానికి యూజర్ పేరు అడ్మిన్ అని చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఇవ్వాలి, పాస్‌వర్డ్ ఖాళీ. లోపలికి వెళ్లగానే మొట్టమొదట చేయవలసింది ఆ ఖాళీ పాస్‌వర్డ్ మార్చడం. అడ్మిన్‌కు ఒకటి, చూసేవారికి ఇంకొకటి పెట్టండి.

తర్వాత కెమెరా కలపమంటే లోకల్ వీ4ఎల్2 రకం ఎంచుకోండి. జాబితాలో మీ వెబ్‌క్యామ్ పేరు కనిపిస్తుంది. చిత్రం పరిమాణం 1280 × 720, సెకనుకు 10 ఫ్రేములు (బొమ్మలు) పెట్టండి. 30 ఫ్రేములు పెడితే బోర్డు వేడెక్కడం, కార్డు నిండటం తప్ప కాపలాకు ఒరిగేదేమీ లేదు.

ఇంట్లోని ఫోను నుంచి చూడాలంటే లోకల్‌హోస్ట్ బదులు బోర్డు ఐపీ చిరునామా (ఇంటి నెట్‌వర్క్‌లో దానికి రౌటర్ ఇచ్చే నంబరు) రాయాలి. ఆ చిరునామా మారిపోకుండా రౌటర్ అమరికల్లో బోర్డుకు స్థిరంగా కేటాయించండి.

6. ఏ కదలికను పట్టాలి, దేన్ని వదలాలి

ఈ మెట్టుకు ఓపిక కావాలి. ఇది సరిగ్గా కుదరకపోతే రోజుకు మూడు వందల వీడియోలు వస్తాయి, వారం తిరగకుండా చూడటం మానేస్తారు.

ముఖ్యమైన మీట "ఫ్రేమ్ ఛేంజ్ థ్రెషోల్డ్". చిత్రంలో ఎంత శాతం మారితే కదలికగా లెక్కపెట్టాలో అది చెబుతుంది. 720పీ చిత్రంలో 8 మీటర్ల దూరాన ఉన్న మనిషి ఎత్తు సుమారు 235 పిక్సెళ్లు, వెడల్పు 60 పై చిలుకు. మొత్తం చిత్రంలో అది 1.6 శాతం. అదే మనిషి 4.4 మీటర్ల దగ్గరికి వస్తే 5 శాతం అవుతాడు. థ్రెషోల్డ్ 4 దగ్గర ఉంచారనుకోండి, మనిషి గేటు దూకి, వాకిలి సగం దాటి దగ్గరికి వచ్చేదాకా కెమెరా పట్టించుకోదు. 1.5తో మొదలుపెట్టి, ఉత్తుత్తి వీడియోలు ఎక్కువైతే 0.2 చొప్పున పెంచుతూ పోండి.

మిగిలిన అమరికలు ఇలా మొదలుపెట్టండి:
- కదలికకు ముందు ఫ్రేములు: 30, అంటే 3 సెకన్లు. గేటు తెరుచుకోవడం కూడా దొరుకుతుంది
- కదలిక తర్వాత ఫ్రేములు: 50
- కనీస కదలిక ఫ్రేములు: 5. మెరుపుకు, ఎగిరే పిట్టకు లేవకుండా
- మోషన్ గ్యాప్: 20 సెకన్లు. ఇంతసేపు కదలిక లేకపోతే ఆ వీడియో ముగుస్తుంది
- లైటు మార్పును గుర్తించే మీట: ఆన్. వీధిలో ఆటో లైట్లు పడ్డప్పుడు పనికొస్తుంది
- రికార్డింగు విధానం: కదలిక ఉన్నప్పుడు మాత్రమే
- వీడియోలు దాచే గడువు: 15 రోజులు

ఊగే వేపకొమ్మ, బట్టల తీగ చిత్రంలో తప్పకపోతే మాస్కు గీయండి. ఆ గళ్లలో ఏం కదిలినా కెమెరా పట్టించుకోదు. కొమ్మ కొసను మాత్రమే కప్పండి, గోడ అంచును కప్పకండి. మనిషి దూకేది అక్కడే.

కార్డు చాలుతుందా? 720పీ వీడియో సెకనుకు 1 మెగాబిట్ చొప్పున రాస్తే గంటకు 450 ఎంబీ. రోజుకు రెండు గంటల కదలిక ఉందనుకున్నా 900 ఎంబీ, 15 రోజులకు 13.5 జీబీ. 64 జీబీ కార్డు హాయిగా మోస్తుంది. కదలికతో పని లేకుండా రోజంతా రాస్తే రోజుకు 10.8 జీబీ అవుతుంది, నాలుగైదు రోజుల్లో నిండుతుంది.

అన్నీ కుదిరాక ఒక పని చేయండి: బోర్డును ఆపి, కార్డు మొత్తానికి ఒక నకలు ఇంకో కార్డులోకి తీసి పెట్టుకోండి. మొదటి కార్డు ఎప్పుడో ఒకప్పుడు పోతుంది, ఆ రోజు పది నిమిషాల్లో పని తేలుతుంది. ఆ తర్వాత బోర్డు డెస్క్‌టాప్ లేకుండా లేచేలా మార్చండి, మెమరీ మిగులుతుంది.

7. పెట్టె, గోడ, వైరు

వెబ్‌క్యామ్ ఇంట్లో వాడటానికి చేసిన వస్తువు. వాన, దుమ్ము దానికి పడవు. అందుకే జంక్షన్ బాక్సు.

బాక్సు మూతలో లెన్స్‌కు సరిపడా రంధ్రం చేసి, లోపలి వైపు నుంచి గాజు ముక్క అంటించి, చుట్టూ సిలికాన్ పట్టించండి. ఒక రాత్రి ఆరనివ్వండి. లెన్స్ గాజుకు దాదాపు ఆనుకోవాలి. వేలెడంత దూరం వదిలితే రాత్రి బల్బు వెలుగు గాజులో ప్రతిఫలించి చిత్రమంతా తెల్లటి మబ్బు కమ్ముతుంది. వెబ్‌క్యామ్ మీద సూచిక దీపం ఉంటే నల్ల టేపు ముక్క అంటించండి, అదీ గాజులో మెరుస్తుంది. మందుల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లం ఒకటి లోపల పడేయండి.

వైరు రంధ్రం బాక్సు అడుగున మాత్రమే ఉండాలి. పక్కన గాని పైన గాని ఉంటే వాన నీరు తీగ వెంటే లోపలికి నడిచొస్తుంది. బాక్సు నుంచి వచ్చిన వైరును కిటికీలోకి నేరుగా తీసుకెళ్లకుండా, ముందు కొంచెం కిందికి వంపు తిప్పి తర్వాత పైకి తీసుకెళ్లండి. నీరు ఆ వంపు దగ్గర బొట్టుబొట్టుగా రాలిపోతుంది.

వేడి మన పెద్ద సమస్య. రామగుండం, మంచిర్యాల వైపు మే నెల ఎండలు తెలియనివి కావు. గాలి ఆడని పెట్టె నేరుగా ఎండలో ఉంటే లోపలి వేడి బయటి కంటే చాలా ఎక్కువ. సజ్జ కింద బిగించండి. బాక్సు తెల్లదే కొనండి, నల్లది వద్దు. ఇంటి లోపల ఉన్న రాస్ప్‌బెర్రీ పై బోర్డుకు కూడా గాలి ఆడాలి. 80 డిగ్రీలు దాటితే అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, వీడియో తునకలు తునకలుగా వస్తుంది. బీరువా వెనక, టీవీ పెట్టె లోపల పెట్టకండి.

ఇక కోతులు. వేలాడే తీగ ఏది కనిపించినా వాటికి ఊయలే. డిష్ తీగలు ఏమయ్యాయో ఒకసారి మీ మేడ మీద చూడండి, మన వైరు గతి అర్థమవుతుంది. బయట ఉన్న ప్రతి అంగుళం వైరు పీవీసీ పైపులో ఉండాలి, పైపుకు అడుగుకో క్లాంపు పడాలి. బాక్సును రెండు స్క్రూలతో కాదు, నాలుగుతో బిగించండి. చివరి స్క్రూ బిగించే ముందు ఫోనులో చిత్రం చూస్తూ కోణం సరిచేసుకోండి. ఒకరు నిచ్చెన మీద, ఒకరు గేటు దగ్గర నిలబడితే పని తొందరగా అవుతుంది.

8. రాత్రి చూపు

మామూలు వెబ్‌క్యామ్‌లో పరారుణ కాంతిని ఆపే గాజు పొర ఉంటుంది. కాబట్టి పరారుణ దీపాలు కొని బిగించినా చీకట్లో దానికేమీ కనిపించదు. నా మార్గం సాదా: గేటు దగ్గర 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు. రాత్రి పన్నెండు గంటలు వెలిగినా నెలకు 3.2 యూనిట్లు. దొంగకు చీకటి ఇష్టం గనుక బల్బు కెమెరాకు సాయమే కాదు, తనూ ఒక కాపలా.

బల్బు చిత్రంలో కనిపించకూడదు. కెమెరాకు కనీసం మూడు నాలుగు అడుగుల దూరంలో, గేటుకు దగ్గరగా ఉండాలి. కెమెరా పక్కనే పెడితే పురుగులు, వాటి కోసం బల్లులు, వాటన్నిటి వీడియోలు. పసుపు వెలుగు బల్బుకు పురుగులు కొంత తక్కువ వస్తాయి.

బల్బు వద్దు, చీకట్లోనే చూడాలి అనుకుంటే పరారుణ కాంతి చూడగల యూఎస్‌బీ కెమెరా విడిగా కొనాలి. దాని దీపాల్లో 850 నానోమీటర్ల రకం మసక ఎరుపుగా కనిపిస్తుంది. 940 రకం కంటికి కనిపించదు, కానీ దాని వెలుగు అంత దూరం వెళ్లదు.

9. ఊళ్లో లేనప్పుడు ఫోనులో చూడటం

రౌటర్‌లో పోర్టు (బయటి నుంచి లోపలికి దారి) తెరిచి కెమెరాను నేరుగా ఇంటర్నెట్ మీద పెట్టమని చెప్పే సలహాలు పాటించకండి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హానికర ప్రోగ్రాము) లక్షలాది కెమెరాలను, రౌటర్లను ఆక్రమించింది తేలిక పాస్‌వర్డ్‌లతో బయటికి తెరిచి ఉన్నందువల్లే. పైగా చాలా ఇళ్ల ఫైబర్ కనెక్షన్లకు బయటి నుంచి నేరుగా చేరగల సొంత పబ్లిక్ ఐపీ చిరునామా ఉండదు, పోర్టు తెరిచినా లాభం లేదు.

టెయిల్‌స్కేల్ అనే సేవను బోర్డులో, ఫోనులో రెండింటిలో వేసి ఒకే ఖాతాతో తెరవండి. వ్యక్తిగత వాడకానికి ఉచితం. మీ ఫోను మేడారంలో ఉన్నా హైదరాబాద్‌లో ఉన్నా, ఇంటి వైఫైలో ఉన్నట్టే కెమెరా పేజీ తెరుచుకుంటుంది. జాతర రద్దీలో సిగ్నల్ అందితే అన్నమాట.

కదలిక ఉన్నప్పుడు కబురు రావాలంటే టెలిగ్రామ్ సులువు. టెలిగ్రామ్‌లో బాట్‌ఫాదర్ అనే ఖాతాను వెతికి కొత్త బాట్ (తనంతట తానే సందేశాలు పంపే ఖాతా) సృష్టించండి. అది ఇచ్చే టోకెన్‌ను (రహస్య సంకేతం), మీ చాట్ ఐడీని (మీ చాట్‌ను గుర్తించే నంబరు) మోషన్‌ఐలో నోటిఫికేషన్ల కింద ఇవ్వండి. ఫోటో కూడా రావాలంటే కదలికకు ఫోటో తీసే అమరిక ఆన్‌లో ఉండాలి. దీనివల్ల ఇంకో మేలు: లోపలికి వచ్చినవాడు బోర్డునే ఎత్తుకుపోయినా ఒక ఫోటో అప్పటికే మీ ఫోనులో ఉంటుంది.

10. ఇరుగుపొరుగు

కెమెరా కన్ను మీ గేటు, మీ గోడ దాటి వెళ్లకుండా చూడటం మర్యాద, క్షేమం కూడా. ఎదురింటి వాకిలి తప్పనిసరిగా పడుతుంటే మోషన్‌ఐలో ప్రైవసీ మాస్కు గీయండి, ఆ భాగం రికార్డింగులోనే నల్లగా పోతుంది. ఎదురింటివారిని పిలిచి తెర మీద ఏం కనిపిస్తోందో ఒకసారి చూపించండి. ఏకాంతంలో ఉన్న స్త్రీని చాటుగా చిత్రించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 కింద నేరం. కాబట్టి స్నానాల గది, పడకగది కిటికీల దరిదాపుల్లోకి కెమెరా చూపు పోనివ్వకండి. అద్దెకున్నవారి భాగం మీద కెమెరా పెట్టాలంటే ముందు వారిని అడగాలి.

11. తరచూ వచ్చే తంటాలు, వాటి మందులు

- చిత్రం మధ్యమధ్యలో బూడిద రంగులోకి పోతోంది: కెమెరా తెగి మళ్లీ కలుస్తోంది. ముందు ఛార్జరు, తర్వాత ఎక్స్‌టెన్షన్ తీగ మార్చి చూడండి.
- కరెంటు వచ్చాక బోర్డు లేవడం లేదు: కార్డు చెడి ఉండవచ్చు. దాచిపెట్టిన నకలు కార్డు వేయండి.
- వీడియో సమయం తప్పు: టైమ్‌జోన్ చూడండి, రౌటర్ యూపీఎస్ మీద ఉందో లేదో చూడండి.
- రాత్రి మనుషులు సాగిన మరకల్లా పడుతున్నారు: వెలుగు చాలడం లేదు. బల్బును గేటుకు దగ్గరగా జరపండి, ఫ్రేములు పెంచితే పోదు.
- పొద్దున పొగమంచు కమ్మినట్టు ఉంది: గాజు లోపల తేమ. సిలికాన్ మళ్లీ పట్టించి, తేమ పొట్లం మార్చండి.
- రాత్రంతా ఒకే రకం వీడియోలు: లెన్స్ ముందు సాలెగూడు. మెత్తటి గుడ్డతో తుడవండి, నెలకోసారి అలవాటుగా.

12. ఇల్లు తాళం వేసే ముందు రోజు

- గేటు దగ్గర ఎవరినైనా నడిపించి వీడియో, టెలిగ్రామ్ ఫోటో వచ్చాయో లేదో చూడండి
- మెయిన్ స్విచ్ ఆపి, బోర్డు, రౌటర్ ఎంతసేపు నిలుస్తాయో చూడండి
- మొబైల్ డేటా మీద టెయిల్‌స్కేల్ తెరిచి చూడండి, ఇంటి వైఫై మీద కాదు
- కార్డులో ఖాళీ, గడియారం సరిచూడండి
- ఊరెళ్తున్నట్టు స్థానిక పోలీస్ స్టేషన్‌లో చెప్పండి

నిజంగానే ఏదైనా జరిగితే ముందు 100కో 112కో ఫోను చేయండి, వీడియో వెతకడం తర్వాత. వీడియోను వాట్సాప్‌లో పంపితే కుదించుకుపోయి ముఖం చెదురుతుంది. అసలు ఫైలును పేరు మార్చకుండా, కత్తిరించకుండా పెన్‌డ్రైవ్‌లోకి తీయండి. కెమెరా గడియారానికి, అసలు సమయానికి తేడా ఉంటే కాగితం మీద రాసి పెట్టుకోండి. కోర్టుదాకా వెళ్తే 2023 భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ ఆధారానికి ధ్రువపత్రం కావాలి. ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ అందులో ఉంటుంది. అందుకే కార్డులోని అసలు ఫైలును ముట్టుకోకుండా ఉంచడం ముఖ్యం. ఆ కార్డును బోర్డులోంచి తీసి, కవరులో పెట్టి, మీద తేదీ వేసి పక్కన పెట్టండి. నకలు కార్డు వేసి కెమెరాను అదే రోజు మళ్లీ నడపండి.